చెరువు గట్టు మీద కెప్టెన్

2024 ఏప్రిల్ 15, సోమవారం రాత్రి. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 3 వికెట్లకు 287 కొట్టి ఐపీఎల్ రికార్డు తిరగరాసింది. ట్రావిస్ హెడ్ 41 బంతుల్లో 102 బాదాడు. కోనసీమలో అప్పుడు ఎన్నికల వేడి. ప్రచారం నుంచి ఇంటికొచ్చిన వాళ్లూ, ఎల్లుండి శ్రీరామనవమికి పందిరి గుంజలు పాతుతున్నవాళ్లూ, అరుగుల మీద పెద్దలూ, ఎవరి చేతిలో చూసినా ఫోనే. బెంగళూరు కూడా తగ్గకుండా 262 దాకా లాక్కొచ్చి ఓడింది. ఆ మాటలు కాసేపు చెప్పుకుని ఊళ్లన్నీ పడుకున్నాయి.

సఖినేటిపల్లి మండలంలో ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఒక్క కుర్రాడు మేలుకునే ఉన్నాడు. రాత్రి కాపలా వాడిదే. ఏరియేటర్లు తిరుగుతుండాలి, కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వెయ్యాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందంటే వనామి రొయ్య పైకి తేలిపోతుంది, యజమాని పెట్టుబడి మునిగిపోతుంది. కాబట్టి వాడికి నిద్ర ఎలాగూ లేదు. కానీ ఆ రాత్రి వాడు మేలుకున్నది రొయ్యల కోసం మాత్రమే కాదు. పన్నెండున్నరకి లండన్‌లో చెల్సీకి, ఎవర్టన్‌కి ఫుట్‌బాల్ మ్యాచ్. చెల్సీలో కోల్ పామర్ అని ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడున్నాడు. తొమ్మిదిమంది ఆడే ఒక చిన్న లీగ్‌లో, ఆ వారం పామర్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నది ఈ చెరువు కుర్రాడొక్కడే.

మనుషుల పేర్లు, ఆనవాళ్లు ఇక్కడ కావాలనే వదిలేశాను. వాళ్ల మాటలు నేను కూర్చినవి. ఆటలు, తేదీలు, గోల్స్ మాత్రం జరిగినవి జరిగినట్టే.

లీగ్ పెట్టింది దోహాలో ఉండే అన్న. వరసకి చెరువు కుర్రాడికి పెదనాన్న కొడుకు. రాజోలు, మలికిపురం వైపు ఏ వీధిలో చూసినా గల్ఫ్ వెళ్లిన ఇల్లొకటి ఉంటుంది. అక్కణ్ణుంచి బంగారం, దుప్పట్లు, సెంటు సీసాలు వచ్చినట్టే ఫుట్‌బాల్ పిచ్చి కూడా వచ్చింది. క్యాంపు గదుల్లో మలయాళీలతో కలిసి ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూసి చూసి అన్నకి అది పట్టుకుంది. 2021 ఆగస్టులో ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో ఒక ప్రైవేటు లీగ్ తెరిచి, దాని కోడ్ ఇంటి వాట్సప్ గ్రూపులో పడేశాడు. మొదట నలుగురు, తర్వాత తొమ్మిదిమంది. కొత్తపేటలో లెక్కల మాస్టారు, అమలాపురం గడియారస్తంభం దగ్గర్లో మందుల షాపాయన, రాజోలులో డిగ్రీ చదివే చెరువు కుర్రాడి మరదలు, మిగతావాళ్లు ఈ నలుగురైదుగురి బంధువులూ స్నేహితులూను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి 15 మందిని ఏరుకుని మీ జట్టు కట్టుకోవాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. మీ సంచిలో 10 కోట్ల పౌండ్లున్నట్టు లెక్క. ప్రతి ఆటగాడికీ ఒక ధర. ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించి తీసుకోకూడదు. పదకొండుమందిని దింపి నలుగుర్ని బెంచీ మీద కూర్చోబెడతారు. మైదానంలో వాళ్లు గోల్ కొడితే, పాస్ అందించి కొట్టిస్తే, గోల్ పడకుండా కాస్తే మీకు పాయింట్లు. వారానికి ఒక ఆటగాణ్ణి ఉచితంగా మార్చుకోవచ్చు. రెండోవాణ్ణి ముట్టుకుంటే 4 పాయింట్లు కోత. పదకొండుమందిలో ఒకణ్ణి కెప్టెన్ అంటే వాడి పాయింట్లు రెట్టింపు. ఇదంతా ఆ వారం మొదటి మ్యాచ్‌కి 90 నిమిషాల ముందే తేల్చెయ్యాలి. డబ్బు కట్టేది లేదు, వచ్చేది లేదు. ప్రపంచమంతా కలిసి కోటిమందికి పైగా ఆడతారు.

ఆ కోటిమందిలో మన స్థానం ఎంతైతేనేం? ఎవడికి కావాలి? నాకు ఈ ఆటలో అసలు రుచి తెలిసింది చిన్న లీగుల దగ్గరే. అందులో ఎదురుగా ఉండేది ఇంగ్లండ్‌లో గోల్స్ కొట్టే హాలండో సలానో కాదు, కొత్తపేట మాస్టారు. ఆయన ఏమనుకుంటున్నాడో కనిపెట్టాలి. గడువు దాటేదాకా అవతలివాడు ఎవరిని కొన్నాడో, ఎవరిని కెప్టెన్ చేశాడో కనపడదు. పోయిన వారం జట్టు మాత్రం కనపడుతుంది. అందుకని శుక్రవారం నుంచే గ్రూపులో బొంకులు మొదలవుతాయి. "సాకాకి కాలు బాగోలేదంటండి, తీసేద్దామనుకుంటున్నా" అని మందుల షాపాయన పెట్టాడంటే ఆయన సాకాని అప్పుడే కొన్నాడన్నమాట. మాస్టారు మాత్రం ఎప్పుడూ అబద్ధమాడడు. అసలేమీ చెప్పడు. "చూద్దాం నాయనా" అంటాడు. ఆ రెండు మాటల వెనక ఎక్సెల్ షీట్ ఉంటుంది.

ఈ గ్రూపు ఎన్నడూ మూగబోలేదు, ఒక్కసారి తప్ప. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురం తగలబడ్డాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అదృష్టమో ఏమో, ఆ ఏడు ప్రీమియర్ లీగ్ దానికి రెండు రోజుల ముందే, మే 22న ముగిసింది. సీజన్ లెక్క తేలింది కానీ గెలిచినవాణ్ణి అభినందించడానికీ ఓడినవాణ్ణి ఏడిపించడానికీ సిగ్నల్ లేదు. దోహా అన్న ఒక్కడే తనకి తనే మెసేజ్‌లు పెట్టుకున్నాడు.

ఇక 2024 ఏప్రిల్ 13, శనివారం. ఆ వారం మొదటి ఆట న్యూకాజిల్, టోటెన్‌హామ్‌ల మధ్య. గడువు మన టైములో మధ్యాహ్నం మూడున్నర. సీజన్‌లో 33వ వారం. దాంతో కలిపి ఇంకా ఆరే మిగిలాయి. మాస్టారు మొదటి స్థానంలో ఉన్నాడు. చెరువు కుర్రాడు మూడో స్థానంలో, ఆయనకి 31 పాయింట్లు వెనక.

అప్పుడే చెరువులో మేత వేసి వచ్చాడు. చెక్ ట్రే లేపి చూశాడు, మేత మిగల్లేదు, రొయ్య బాగానే తింటోంది. గుడిసెలో మంచం మీద కూర్చుని ఫోను తీశాడు. జట్టులో హాలండ్ ఉన్నాడు, పామర్ ఉన్నాడు. హాలండ్ ఆడే మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలో లూటన్‌తో ఆడుతోంది. అట్టడుగున కొట్టుకుంటున్న లూటన్ మీద హాలండ్‌ని కెప్టెన్ చెయ్యకపోతే మతి లేనట్టే లెక్క. ప్రపంచమంతా అదే చేస్తుంది. మాస్టారూ అదే చేస్తాడు.

చిక్కంతా అక్కడే. మాస్టారు చేసేదే వీడూ చేస్తే హాలండ్ ఐదు గోల్స్ కొట్టినా తేడా 31 దగ్గరే ఉంటుంది. ముందున్నవాడికి కావాల్సింది అదే. వెనకున్నవాడితో పాటే నడుస్తూ వారాలు గడిపేస్తే చాలు. వెనకున్నవాడు ఎక్కడో ఒకచోట దారి మార్చాలి. అయితే పనికిమాలినవాణ్ణి కెప్టెన్ చేసి దారి మారిస్తే నవ్వులపాలు. హాలండ్ అంతటివాడై ఉండి, హాలండ్ కాకూడదు. అలాంటివాడు జట్టులో ఒక్కడే. పామర్. సీజన్ మొదట్లో 50 లక్షల పౌండ్లకి దొరికిన సరుకు. హాలండ్ ధర 1 కోటీ 40 లక్షలు. సెప్టెంబరు 1న మాంచెస్టర్ సిటీయే అతన్ని చెల్సీకి అమ్మేసింది. చెల్సీలో పెనాల్టీలన్నీ అతనే కొడుతున్నాడు.

మూడూ ఇరవైకి దోహా అన్నకి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, పామర్‌ని పెట్టేస్తున్నా."

"సోమవారం రాత్రి ఆటరా అది. శని, ఆది మొత్తం హాలండ్ పాయింట్లు చూస్తూ కూర్చుంటావు. తట్టుకోగలవా?"

"తట్టుకోక ఏం చేస్తాను. రెండో స్థానానికి కప్పు ఇస్తావా ఏంటి?"

"కప్పు మొదటి స్థానానికి కూడా లేదురా. పూతరేకులే."

అదీ వాళ్ల పందెం. సీజన్ ముగిశాక అందరికంటే ఆఖర్న ఉన్నవాడు ఆత్రేయపురం వెళ్లి మిగిలిన ఎనిమిదిమందికీ పూతరేకులు కొనివ్వాలి. పైసా చేతులు మారదు.

ఇలా ఊహల్లో జట్టు కట్టుకుని ఆడే పద్ధతి వీళ్లు కనిపెట్టింది కాదు, వీళ్లకి తెలియకుండానే పాతది. 1962లో ఓక్లాండ్ రైడర్స్ అనే అమెరికా జట్టు ఆడిన 14 ఆటల్లో 13 ఓడింది. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వేరు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ సీజన్‌లో జట్టు తూర్పు తీరానికి ఆటలకి వెళ్లినప్పుడు న్యూయార్క్ హోటల్లో ముగ్గురు కూర్చున్నారు: జట్టులో చిన్న వాటాదారు బిల్ వింకెన్‌బాక్, ప్రచారం చూసే బిల్ టనెల్, ఓక్లాండ్ ట్రిబ్యూన్ విలేకరి స్కాటీ స్టర్లింగ్. సొంత జట్టు అంత ఘోరంగా ఓడుతుంటే మనిషికి ఇంకో జట్టు మీదికి మనసు పోవడం సహజం. ఆ జట్టెక్కడా లేకపోతే కాగితం మీద కట్టుకోవచ్చు. ఊరికి తిరిగొచ్చాక ట్రిబ్యూన్ క్రీడల ఎడిటర్ జార్జ్ రాస్ కూడా చేరి నియమాలకి ఒక రూపం ఇచ్చారు. 1963లో వింకెన్‌బాక్ ఇంట్లో మొదటి ఎంపిక. ఎనిమిది జట్లు, ఒక్కొక్కటికీ 20 మంది ఆటగాళ్లు. ప్రపంచంలో మొట్టమొదటి ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ అదే.

ఆ మొదటి ఎంపిక ఎవరంటారు? స్టర్లింగ్ జట్టు వంతు వచ్చింది. అప్పటికి మహావీరుడిలా ఆడుతున్న జిమ్ బ్రౌన్‌ని వదిలేసి జార్జ్ బ్లాండాని తీసుకున్నారు. ఆ ఏడు బ్రౌన్ 1,863 గజాలు పరిగెత్తాడు. బ్లాండా 24 టచ్‌డౌన్ పాసులు విసిరి, 25 సార్లు బంతిని శత్రువు చేతికిచ్చాడు. అంటే ఈ ఆట పుట్టిన గంటలోనే ఎంపిక విషయంలో తలపట్టుకోవడం కూడా పుట్టింది. ఆ జట్టులో స్టర్లింగ్‌తో ఉన్న ఆండీ మౌసలీమస్ తర్వాత ఓక్లాండ్‌లో కింగ్స్ ఎక్స్ అని బార్ పెట్టి, వచ్చేపోయేవాళ్లందరికీ ఈ ఆట అంటించాడు. ఇంట్లో ఎనిమిది జట్లతో మొదలైంది అక్కణ్ణుంచే వీధిన పడింది.

అదే 1963లో, మే 4న, మన సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు: రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదు, ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నేర్పే. ఈ ఆంధ్రప్రదేశ్ కేసు మీదా, 1996లో గుర్రప్పందేల కేసు మీదా ఆనుకునే 2017లో పంజాబ్, హర్యానా హైకోర్టు డ్రీమ్ ఎలెవన్ అనే ఫాంటసీ యాప్‌ని నేర్పుగల ఆట అంది. సికింద్రాబాద్ పేకముక్కల నుంచి ముంబై కంపెనీ క్రికెట్ జట్ల దాకా దారి అలా పడింది.

నేర్పా, అదృష్టమా అనే తగువు కోనసీమవాడికి కోర్టు చెప్పాల్సిన పని లేదు. సంక్రాంతికి బరిలో డేగ గెలుస్తుందో కాకి గెలుస్తుందో వారం, నక్షత్రం చూసి కుక్కుట శాస్త్రం విప్పి చెప్పేవాళ్లు ఊరికొకరున్నారు. శాస్త్రం అన్నీ చెప్పింది, కోడే పుస్తకం చదవలేదు అని ఓడినవాళ్లు తిరిగొస్తారు. ఫాంటసీ ఆటలో నేర్పు లేదనను; మాస్టారి ఎక్సెల్ షీటే సాక్ష్యం. కానీ నేర్పు ఉన్నంత మాత్రాన అప్పు పుట్టకుండా ఉండదు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేర్పు, అదృష్టం తేడా చూడకుండా పందెం కాసే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. తెలంగాణ అంతకు ముందే, 2017లో ఆ పని చేసింది.

దాంతో ఒక తమాషా అయింది. యాప్‌లు ఫోను ఎక్కడుందో చూసి తలుపు తీసేవి, మూసేవి. ఎదుర్లంక నుంచి బాలయోగి వారధి మీదుగా గౌతమి దాటితే యానాం. యానాం పుదుచ్చేరిది, ఆంధ్ర చట్టం అక్కడ చెల్లదు. వంతెనకి ఇవతల నేరం, అవతల వినోదం. మందుల షాపాయన స్నేహితుడొకాయన ఐపీఎల్ రోజుల్లో టాస్ పడే టైముకి బండి మీద యానాం పోయి, జట్టు కట్టి, అవతలి గట్టున టీ తాగి వచ్చేవాడు. ఆయన్ని కూడా ఈ లీగ్‌లోకి రమ్మన్నారు. డబ్బు లేని ఆట ఏం ఆటండీ అని నవ్వాడట. ఆ మాటకి మాస్టారికి వచ్చినంత కోపం ఏ ఓటమికీ రాలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటే దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. యానాం గట్టుకీ ఎదుర్లంక గట్టుకీ తేడా పోయింది. పైసా లేని ఈ లీగ్‌ని ఏ చట్టమూ ముట్టుకోలేదు. పూతరేకులు పందెం కిందికి వస్తాయా అని మరదలు ఒకసారి గ్రూపులో అడిగింది. "నెయ్యి వేస్తే వస్తాయి" అన్నాడు మందుల షాపాయన.

నాకు డబ్బు పెట్టే ఆటల మీద ఉన్న ఫిర్యాదు చట్టం చెప్పినది కాదు. అక్కడ ఎదుటివాడికి ముఖం ఉండదు. లక్షలమందిలో ఎవడి మీద గెలిచావో తెలియదు, ఎవడి చేతిలో ఓడావో తెలియదు. మాస్టారు సాకాని ఎందుకు అమ్మలేదో ఆలోచిస్తూ రాత్రి గడపడం ఆ ఆటలో లేదు.

మళ్లీ శనివారానికి వద్దాం. గడువు దాటింది, ముసుగులు తొలిగాయి. తొమ్మిదిమందిలో ఆరుగురు హాలండ్‌కి, ఒకరు సలాకి, ఒకరు సాకాకి, చెరువు కుర్రాడు పామర్‌కి పట్టం కట్టారు. మరదలు ముందుగా చూసింది.

"బావా, చెరువులో మందేదైనా నువ్వు తాగేశావా?"

రాత్రి ఏడున్నరకి సిటీ ఆట. రెండో నిమిషంలోనే హాలండ్ కొట్టిన బంతి లూటన్ ఆటగాడికి తగిలి గోల్లో పడింది. సెల్ఫ్ గోల్ అని రాసుకున్నారు. ఆ తర్వాత చాలాసేపు హాలండ్ ఊరికే తిరిగాడు. ఆట చివర్లో పెనాల్టీ వచ్చింది, కొట్టాడు. సిటీ 5-1. ఐదు గోల్స్‌లో హాలండ్ పేరు మీద ఒక్కటే. చెరువు కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు; పోయింది కొంతే.

ఆదివారం ఇంకా వింత. సాయంత్రం ఆరున్నరకి లివర్‌పూల్ సొంత మైదానంలో క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 0-1 ఓడింది. సలాకి ఏమీ రాలేదు. తొమ్మిదింటికి ఆర్సెనల్, ఆస్టన్ విల్లా. 84వ నిమిషం దాకా గోల్ లేదు, ఆపైన విల్లా రెండు కొట్టేసింది. సాకాకీ ఏమీ రాలేదు. ఇంగ్లండ్‌లో టైటిల్ పోరాటం తారుమారైన రోజది. కొత్తపేటలో మాస్టారు ఆ సంగతి పట్టించుకోలేదు. ఆయన చూస్తున్నది ఒకటే: సోమవారం రాత్రి పామర్ ఊరికే పోవాలి.

పన్నెండున్నర. గట్టు మీద దోమలు, ఏరియేటర్ల హోరు. ఫోనులో చార్జింగ్ సగం. అప్పట్లో ఐపీఎల్ జియో సినిమాలో ఉచితం, ఈ ఆటకి హాట్‌స్టార్ కావాల్సొచ్చేది. దాని పాస్‌వర్డ్ మరదలిది.

13వ నిమిషం. పామర్ ఒక ఎవర్టన్ ఆటగాడి కాళ్ల మధ్య నుంచి బంతి తోసి, తన జట్టు జాక్సన్‌కి ఇచ్చి తీసుకుని, బయటి నుంచే ఎడమకాలితో వంపు తిప్పాడు. గోల్.

18వ నిమిషం. జాక్సన్ కొట్టిన బంతిని కీపర్ పిక్‌ఫర్డ్ ఆపాడు, అది గాల్లోకి లేచింది. పామర్ తలతో తోశాడు. రెండు.

29వ నిమిషం. పిక్‌ఫర్డ్ ముందుకొచ్చి బంతిని తప్పుగా తన్నాడు, అది నేరుగా పామర్ దగ్గరికి వెళ్లింది. గోలు ఖాళీ. అంత దూరం నుంచే కుడికాలితో పైకి లేపి వేశాడు. మూడు. ఎడమకాలు, తల, కుడికాలు, మూడూ అరగంటలోపే.

గట్టు మీద కేకకి పక్క చెరువు కాపలావాడు టార్చ్ వేశాడు.

"ఏంట్రా, కరెంటు పోయిందా?"

"కాదు బాబాయ్. మనోడు మూడు కొట్టాడు."

"మనోడా! హెడ్ సెంచరీ ఎప్పుడో అయిపోయింది కదరా."

దోహాలో అప్పుడు పదిన్నర. అన్న వాయిస్ మెసేజ్ పంపాడు, అందులో మాటల్లేవు, అరుపే. మాస్టారు ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనపడుతోంది, ఏమీ రాయడం లేదు.

రెండో సగంలో, 64వ నిమిషం. చెల్సీ ఆటగాడు మడ్వెకేని ఎవర్టన్ వాళ్లు పడగొట్టారు. పెనాల్టీ. చెల్సీ పెనాల్టీలు పామర్‌వి. కానీ పడినవాడు మడ్వెకే కదా, బంతి తీసుకుని ఇవ్వనన్నాడు. జాక్సన్ వచ్చి నాకివ్వమన్నాడు. పామర్ అడిగాడు. సొంత జట్టువాళ్లే బంతి కోసం తోసుకుంటున్నారు, మధ్యలో ఇంకో గోల్ కూడా పడి 4-0తో ముందుండి. చెరువు కుర్రాడికి గుండె ఆగినంత పనైంది. మడ్వెకే కొడితే ఐదు పాయింట్లు పోయినట్టు. కెప్టెన్ కాబట్టి పది. 31 పాయింట్ల అప్పున్నవాడికి పది అంటే చిన్న మాట కాదు.

ఇక్కడ ఈ ఆట పెట్టే చిక్కు చూడండి. మైదానంలో ఉన్న పదకొండుమందికీ చెల్సీ గెలిస్తే చాలు, ఎవరు కొట్టినా ఒకటే. చెల్సీ అభిమానికీ అంతే. సఖినేటిపల్లిలో ఈ కుర్రాడికి చెల్సీ ఎవరో, ఎవర్టన్ ఎవరో పట్టదు, పెనాల్టీ ఒక్క మనిషి కాలికే తగలాలి. కొత్తపేటలో మాస్టారికి ఆ మనిషి కాలికి తప్ప ఎవరి కాలికి తగిలినా ఫర్వాలేదు. లండన్‌లో తోసుకుంటున్న ఆ ముగ్గురికి తమ వెనక ఇలా ఎన్ని ఊళ్లవాళ్లు నిలబడి లాగుతున్నారో తెలియదు.

ఆ రాత్రి చెల్సీ కెప్టెన్ కానర్ గాలగర్ వచ్చాడు. బంతి తీసి పామర్ చేతిలో పెట్టాడు. పామర్ కొట్టాడు. నాలుగు.

ఆట 6-0తో ముగిసింది. ఆ పెనాల్టీ గొడవ మీద కోచ్ పొచెటినో తర్వాత బహిరంగంగానే మండిపడ్డాడు. పామర్ సీజన్ గోల్స్ 20కి చేరి హాలండ్‌తో సమానమయ్యాయి. మిడ్‌ఫీల్డర్ గోల్‌కి 5 పాయింట్ల లెక్కన నాలుగు గోల్స్‌కే 20, కెప్టెన్ రెట్టింపుతో 40. మిగతా బోనస్‌లు పైన. మాస్టారికీ కుర్రాడికీ మధ్య తేడా 31 నుంచి సగానికి దిగింది.

రాత్రి రెండున్నర దాటాక మాస్టారి మెసేజ్ వచ్చింది: "శభాష్ రా అబ్బాయ్. గాలగర్‌కి పూతరేకులు పంపు."

ఇక్కడ ఆపితే సినిమా కథ అయ్యేది. వారం తిరిగింది. ఏప్రిల్ 20 గడువు. ఆ వారం ఆర్సెనల్‌కి రెండు ఆటలు, ఒకటి వోల్వ్స్‌తో, ఒకటి చెల్సీతోనే. రెండు ఆటలున్నవాణ్ణి కెప్టెన్ చెయ్యడం ఈ ఆటలో మొదటి పాఠం. మాస్టారు ఆర్సెనల్ ఆటగాణ్ణి పెట్టాడు. చెల్సీకి ఆ ఒక్క ఆటే, అదీ ఆర్సెనల్ మైదానంలో. శుక్రవారం రాత్రి దోహా అన్న మూడుసార్లు ఫోన్ చేశాడు.

"మార్చరా. ఈసారి అందరితో పాటే పో."

"అన్నం పెట్టినవాణ్ణి ఎలా తీసెయ్యమంటావ్ అన్నయ్యా?"

"నీకు అన్నం పెట్టేది రొయ్యలురా, పామర్ కాదు."

వినలేదు. గెలుపు నెత్తికెక్కితే మనిషికి లెక్కలు కనపడవు, పోయిన శనివారం నాడు అంత చక్కగా లెక్క కట్టినవాడు వీడేనా అనిపిస్తుంది. ఏప్రిల్ 23న ఆర్సెనల్ 5-0తో చెల్సీని చీల్చింది. ఆ ఐదు గోల్స్ పామర్ మైదానం నుంచి చూడలేదు, ఒంట్లో బాగోక అతను అసలు దిగనేలేదు. కెప్టెన్ దిగకపోతే రెట్టింపు వైస్ కెప్టెన్‌కి పోతుంది. కుర్రాడు వైస్ కెప్టెన్‌ని ఎన్నో వారాలుగా ముట్టుకోలేదు. ఆ మహానుభావుడు కూడా ఆ వారం ఆడలేదు. ఆయనెవరో ఇక్కడ రాయొద్దని బతిమాలాడు, రాయడం లేదు.

మే 13న ఓట్లు పడ్డాయి, 19న ప్రీమియర్ లీగ్ ముగిసింది. మొదటి స్థానం మాస్టారిదే. కుర్రాడు రెండోవాడయ్యాడు. ఆఖర్న మందుల షాపాయన. ఆత్రేయపురం వెళ్లి తెచ్చాడు కానీ, పంచదారవి తెచ్చాడు, బెల్లంవి కాదు. దాని మీద మరదలు లేవదీసిన తగువు వారం నడిచింది. దోహా అన్న వాటా పార్సిల్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే తగువు ఆగస్టులో కొత్త సీజన్ మొదలయ్యేదాకా నడిచింది. అప్పటికి పామర్ ధర 50 లక్షల నుంచి 1 కోటీ 5 లక్షల పౌండ్లయింది. కుర్రాడు జట్టు కట్టుకుంటూ అతన్ని తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. మాస్టారు ఏం చేస్తున్నాడో కనుక్కోమని మరదలికి పురమాయించాడు.

"చూద్దాం నాయనా, అన్నారు" అని ఆమె జవాబు పెట్టింది.